అడవి నాయకుడి గొంతు

మద్రాసు, కోడంబాక్కం
1961 ఫిబ్రవరి

పూజ్యురాలైన అక్కయ్యగారికి,

తమ్ముడు వెంకటనర్సు నమస్కరించి వ్రాయునది. ఇచ్చట నేను క్షేమం. మీరూ బావగారూ క్షేమమని తలుస్తాను.

ఒక శుభవార్త. మా కంపెనీ తీయబోయే పిక్చర్‌లో నా పేరు తెర మీద పడుతుంది. 'సంభాషణల సహకారం: వెంకటనర్సు' అని. ఇన్నాళ్లూ రచయితగారు కొట్టివేతలతో ఇచ్చిన కాగితాలను శుభ్రంగా తిరగరాయడం, హీరోగారికి చదివి వినిపించడం, ఇదే నా ఉద్యోగం. ఇప్పుడు నన్ను కూడా ఒక మనిషిగా గుర్తించారు.

కథ గొప్పది. హీరోగారి విమానం ఆఫ్రికా అడవిలో కూలిపోతుంది. అక్కడి నరమాంస భక్షకులు ఆయనను పట్టుకుని బలి ఇవ్వబోతారు. అడవి నాయకుడి కూతురు ఆయనను ప్రేమించి విడిపిస్తుంది. నాయకుడు నల్లగా ఉండి కూతురు తెల్లగా ఉంటే జనం నమ్మరేమోనని అందరూ తల పట్టుకున్నారు. పసిబిడ్డగా ఉన్నప్పుడు నదిలో కొట్టుకొచ్చిందని నేనే ఒక డైలాగు రాశాను. డైరెక్టరుగారు నా భుజం తట్టారు.

ఆఫ్రికాకు వెళ్లే స్తోమత కంపెనీకి లేదు. మీ మక్తల్ చుట్టుపక్కల గుట్టలు, బండలు, తుమ్మచెట్ల సంగతి నేను చెప్పాను. ఫోటోలు తెప్పించుకుని చూసి, "ఇది ఆఫ్రికా కాకపోతే మరేది ఆఫ్రికా?" అన్నారు. బొంబాయి రైలుకు కృష్ణ స్టేషన్‌లో దిగి, లారీలో మక్తల్ వస్తారు. నల్లగా, ఎత్తుగా ఉండే మనుషులు కావాలి. మీ బడి వెనక ఉండే గొర్రెల మల్లన్న, ఆయన వాళ్లు సరిపోతారని చెప్పాను. బావగారు కొంచెం శ్రమ తీసుకోవాలి.

బాపుకు ఈ సంగతి మీరే చెప్పండి. నేను రాస్తే గొప్పలు అనుకుంటాడు.

ఇట్లు,
మీ తమ్ముడు
వెంకటనర్సు


మక్తల్
1961 మార్చి

తమ్ముడు నర్సుకు,

అక్క ఆండాళు ఆశీర్వదించి రాస్తున్నది. నీ ఉత్తరం వచ్చింది. పైన 'అక్కయ్యగారికి' అని చూసి, పోస్టు మనిషి పక్కింటి వాళ్లది మనకు వేశాడేమోనని కాసేపు చదవకుండా పెట్టాను. మీ బావ చూసి, "రాత మీ నర్సుదే, మాటలే కిరాయికి తెచ్చినట్లున్నడు" అన్నారు. మద్రాసు నీళ్లు అప్పుడే వంటపట్టాయా? ఈసారి 'అక్కా' అని రాయకపోతే ఉత్తరం తిరుగు టపాలో వస్తుంది.

బడికి సెలవిచ్చిన నాడు చిట్యాల పోయి బాపుకు నేనే చెప్పాను. ఆయన మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. విని కూడా చెయ్యి ఆపలేదు. అంచు దాకా నేసి, అప్పుడు తల ఎత్తాడు.

"పేరు పడ్తదా? మన నర్సుదా?"

"పడ్తది బాపూ."

"అందరు సదివేటట్లు పడ్తదా, గింతంతనా?"

అంతే, గుంటలోంచి లేచి వాడకట్టంతా చెప్పి రావడానికి పోయాడు. నువ్వు మగ్గం దిగి మద్రాసు రైలెక్కిన నాడు మనవాళ్లు ఆయన్ను ఎన్ని మాటలన్నారో నీకు తెలియదు, నేనూ చెప్పలేదు. "ఒక్క కొడుకును బొమ్మలోళ్లకు రాసిచ్చిండు ఐలేశం" అన్నారు. ఆయన దగ్గర ఒకటే జవాబు ఉండేది: "నేను దారం నేస్తే వాడు మాటలు నేస్తడు." ఇన్నేళ్లుగా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉన్నాడు. ఇప్పుడు నీ బొమ్మ చిట్యాల డేరా టాకీసుకు వచ్చిన నాడు కట్టుకోవాలని కొత్త ధోతి నేసి, మడత పెట్టి దండెం మీద వేశాడు. చిన్నాయన కూడా ముట్టుకోరాదట. నీ పేరు నీకు ఎంతో గానీ, ఆయనకు మాత్రం అదే పరువు. గుర్తు పెట్టుకో.

మల్లన్నను అడిగాను. ఆయన ఆలోచిస్తూనే ఉన్నాడు, భార్య గుర్వమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "మనుషులను తినెతందుకు గీయననే దొరికిండా? మక్కకంకి కొరకమంటె పండ్లు కదుల్తున్నయంటడు." ఆఖరికి ఒప్పుకున్నాడు. నర్సయ్య కంపెనీ అంటే మన కంపెనీయే గద అన్నాడు.

నీ అక్క
ఆండాళు


మక్తల్
1961 మే

నర్సుకు,

నీ ఆఫ్రికా వచ్చింది, పోయింది. నువ్వు వస్తావని రొట్టెలు చేసి పెట్టాను. "నర్సు లేకపోతే అక్కడ కాగితాలు ఎవరు రాస్తారండీ" అన్నాడు మీ డైరెక్టరు. ఆ రొట్టెలు ఆయనే తిన్నాడు.

జరిగింది విను. మొదట మల్లన్న నలుపు చాలదన్నారు. ఎండాకాలమంతా గుట్టల మీద తిరిగే మనిషి నలుపు చాలదట! రంగులు పూసే అతను నూనెలో మసి కలిపి నెత్తి నుంచి కాళ్ల దాకా రాశాడు. మల్లన్న ఓపిగ్గా నిలబడి అడిగాడు: "ఇంకెంత నల్లగ గావాలె సారూ? నాది ఎండల సంపాయించిన నలుపు. నీది డబ్బల తెచ్చిన నలుపు. ఏది గట్టిదో సూడు."

గొంగడి తీయమన్నప్పుడు మాత్రం కదల్లేదు. కురుమ మనిషి గొంగడి లేకుండా నలుగురిలో నిలబడతాడా? పెండ్లికైనా చావుకైనా అది భుజాన ఉండాల్సిందే. మీ వాళ్లు కోపం చేసుకున్నారు. చివరికి తానే మడిచి, "అమ్మా, కింద పెట్టకు" అని నా చేతికిచ్చాడు. నడుముకు జనపనార కట్టారు, మెడలో మట్టితో చేసిన పుర్రెలు వేశారు. ఆయన పెంచిన కుక్క ఆయన్నే చూసి మొరిగి, తోక ముడుచుకుని పారిపోయింది. అప్పటిదాకా నవ్విన గుర్వమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంటికి పోయింది.

తరువాత 'హుంబా జుంబా' అనమన్నారు. "అర్థం లేని మాట నేనెట్లంట? ఊళ్లె పిచ్చోడంటరు" అన్నాడు మల్లన్న. ఏదో ఒకటి గట్టిగా అరవమన్నారు. ఆయనకు గట్టిగా అరవడం ఒక్కటే తెలుసు, మందను పిలవడం. బల్లెం పైకెత్తి పిలిచాడు. ఇంకేముంది, గుట్ట అవతల మేస్తున్న గొర్రెలన్నీ దుమ్ము లేపుకుంటూ వచ్చి బలిస్తంభం చుట్టూ నిలబడ్డాయి. కట్టేసి ఉన్న హీరో, "ఎవరైనా వీటిని తోలండయ్యా!" అని కేకలు. మేమంతా నవ్వీ నవ్వీ కూలబడ్డాం. డైరెక్టరు ఒక్కడే నవ్వలేదు. ఆఫ్రికాలో గొర్రెలుండవు, తీసేయండి అన్నాడు. ఉంటాయండి, పిల్లలకు నేను పాఠం చెబుతాను అన్నాను.

అప్పుడు నవ్వాడు. "మీరు మాట్లాడుతుంటే అచ్చం నర్సు మాట్లాడినట్టే ఉందండీ. రోజూ భోజనాల దగ్గర వాడి చేత గట్ల, గిట్ల అనిపించుకోకపోతే మాకు అన్నం దిగదు" అన్నాడు.

ఏం చేస్తున్నావురా నువ్వు అక్కడ? నిజం రాయి.

నీ అక్క


మద్రాసు
1961 జూలై

అక్కకు,

ఉత్తరం ఆలస్యమైంది. ఏమీ అనుకోకు.

డైరెక్టరుగారు సరదా మనిషి. మనసులో ఏమీ ఉండదు. నాలుగు మాటలు అనిపించుకుని నవ్వితే నాకు పోయేదేముంది? ఇక్కడ అందరికీ ఒక్కో ముద్ర ఉంది. పిక్చర్‌లో మార్వాడీ వస్తే వడ్డీ అడగాలి. నేపాలీ వస్తే కాపలా కాయాలి. అరవాయన వస్తే సాంబారు కావాలనాలి. దొంగ, తాగుబోతు, బండివాడు, ఇంట్లో అంట్లు తోమే మనిషి వస్తే మన మాట మాట్లాడాలి. జనం వెంటనే నవ్వుతారు, రాసేవాడికి శ్రమ తక్కువ.

అట్లాంటి మనిషి కథలోకి వస్తే నన్ను పిలుస్తారు. మన ఇంట్లో మాట్లాడుకునేట్లు రాసిస్తాను. చదివి, "నిజంగానే ఉంది గానీ నవ్వు రావడం లేదు, కాస్త మొరటు చెయ్యి" అంటారు. చేస్తాను. ఇంకాస్త అంటారు. ఇంకాస్త చేస్తాను. చేసి చేసి, ఏది మన మాటో, ఏది నేను చెడగొట్టిన మాటో నాకే తెలియకుండా పోతోంది. నీకు ఉత్తరం రాద్దామని కూర్చుంటే ఏ మాటలో రాయాలో తెలియక కలం ఆగిపోతుంది. అందుకే ఆ 'అక్కయ్యగారు' వచ్చింది. నిన్ను ఏడిపించడానికి కాదు.

నిజం రాయమన్నావు గనుక రాశాను. బాపుకు చెప్పకు.

ఇంకొకటి. మల్లన్న గొంతు పనికిరాలేదు. అడవి నాయకుడి గొంతు వింటే జనం జడుసుకోవాలి గదా, ఈయన పిలుపు వింటే నిద్ర వస్తోందన్నారు. వేరేవాళ్లతో చెప్పించి అతికిస్తారు. ఇది కూడా ఆయనకు చెప్పకు.

నర్సు


మక్తల్
1961 సెప్టెంబరు

నర్సుకు,

చెప్పకు, చెప్పకు అని రెండు పెట్టావు. రెండూ చెప్పలేదు. కానీ నా కడుపేమన్నా గరిసెనా, అన్నీ పోసి దాచడానికి?

అలసిపోయావని నీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. వచ్చేయరాదా అని రాద్దామనుకున్నాను. రాయలేను. బాపు ముఖం గుర్తొస్తుంది. మొన్న చిట్యాల నుంచి మనిషి వచ్చాడు. డేరా టాకీసు యజమానిని బాపు వారం వారం పోయి అడుగుతున్నాడట, మా నర్సు బొమ్మ ఎప్పుడు తెస్తవని. ఒకప్పుడు మాటలన్న వాళ్ల ముందు నిలబడి, "నవ్విన నాపచేనే పండుతది" అన్నాడట. పోయి ఆ చేను పండలేదని చెప్పమంటావా?

నిన్న మల్లన్న పాలు పోయడానికి వచ్చి, బడి గోడకున్న ప్రపంచ పటం చూశాడు.

"ఆఫ్రిక యాడుందమ్మా?"

చూపించాను. ఎంతో పెద్దగా ఉంది అన్నాడు.

"ఆడ గొర్లుంటయా?"

"ఉంటాయి మల్లన్నా. మన దగ్గర కన్నా ఎక్కువే ఉంటాయి."

"గొర్లున్నప్పుడు కాపరి గూడ ఉంటడు గద?"

"ఉంటాడు."

"గాయనకు ఈ బొమ్మ సూపెడ్తరా?"

చూపించరని చెప్పాను. ఆయన పాలచెంబు చెయ్యి మార్చుకుని, "సూపెట్టకుంటెనే మంచిది. గొర్ల కాపరిని మనుషుల తింటడని చేసిండు, ఏషం గట్టినోడు గూడ కాపరేనట అంటే, నన్నేమనుకుంటడు?" అని వెళ్లిపోయాడు.

సంభాషణలు రాసేవాడివి, నీ దగ్గర జవాబు ఉంటే రాయి.

నీ అక్క


మద్రాసు
1962 జనవరి

అక్కకు,

పిక్చర్ విడుదలైంది. బాగా ఆడుతోంది. అడవి సీను కోసం జనం రెండోసారి వస్తున్నారట.

చిట్యాలకు రావడానికి ఇంకా కొంత కాలం పడుతుంది. వస్తే బాపును పోనీయొద్దు. ఏదో ఒకటి చెప్పు. ప్రింటు అరిగిపోయిందని చెప్పు. నా పేరు చిన్న అక్షరాల్లో ఉంది, చత్వారం కళ్లకు కనిపించదని చెప్పు. ఎందుకని అడగకు.

నర్సు


మక్తల్
1962 మార్చి

నర్సుకు,

అడగను. ఎందుకో తెలిసింది.

నీ బొమ్మ చిట్యాల కన్నా ముందు మక్తల్‌కే వచ్చింది. మల్లన్న, గుర్వమ్మ, వాళ్ల వాడకట్టు అంతా శుభ్రంగా స్నానాలు చేసి, గొంగళ్లు భుజాన వేసుకుని ముందు వరుసలో నేల మీద కూర్చున్నారు. మేము వెనక బెంచీ మీద కూర్చున్నాం. నీ పేరు పడింది. మీ బావ ఈల వేశారు. ఈ వయసులో!

అడవి సీను వచ్చింది. అందరూ మల్లన్న పిలుపు కోసం చెవులు రిక్కించారు. తెర మీద మల్లన్న బల్లెం ఎత్తి నోరు తెరిచాడు. వచ్చింది ఆయన గొంతు కాదు. ముందు వరుసలో కూర్చున్న మల్లన్న చెయ్యి తన గొంతు మీదికి పోవడం నేను చూశాను. వెనక్కి తిరిగి నన్ను అడిగాడు: "నా నోట్లకెల్లి మాట్లాడేదెవరమ్మా?"

తెలియదన్నాను. బడి పంతులమ్మను అబద్ధమాడాను. మొదటి మాటకే నాకు తెలిసిపోయింది, నర్సూ. గొంతు ఎంత బొంగురు చేసినా నువ్వు నా తమ్ముడివి గదా.

గొంతు సరే. ఆ మాటలు! 'ఆసూ! పడుగూ! సరీ! పన్నే! అచ్చూ!'

మగ్గం గుంటలో దిగే ముందు బాపు మన చేత దండం పెట్టించి, పని వరుసంతా ఒక్క ఊపిరిలో చెప్పించేవాడు. దారం తీసింది మొదలు గుడ్డ దిగేదాకా. ఆసు, పడుగు, సరి, పన్నె, అచ్చు, దోనె, కండె, నాడె, పేక, బట్ట. తడబడితే మళ్లీ మొదటి నుంచి. ఆయనకు వాళ్ల బాపు చెప్పించాడు. నువ్వు ముక్కు చీదుకుంటూ చెబుతుంటే, "బట్ట" అనే చివరి మాట దగ్గర నేను నీ నెత్తిన మొట్టేదాన్ని. దేవతలకు బట్ట నేసిన భావనారుషి వంశమని బాపు ఎంత మురిసిపోతాడు! ఆ మాటలు మనిషిని కోసే కత్తికి తాళం అయ్యాయి. ఒక్కో మాటకూ చుట్టూ ఉన్నవాళ్లు ఎగిరి గంతులేస్తున్నారు. 'కండే! నాడే! పేకా!' అన్నప్పుడు కత్తి పైకి లేచింది. జనం కేకలు పెట్టారు.

నాకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. నువ్వు ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు.

మక్తల్‌లో ఆ మాటలు ఎవరికీ పట్టలేదు, బతికిపోయావు. కానీ చిట్యాలలో డేరా కింద కూర్చునేది సగం మంది మనవాళ్లే.

ఆండాళు


మద్రాసు
1962 ఏప్రిల్

అక్కా,

నువ్వు కొట్టినా బాగుండేది.

డబ్బింగ్ నాడు గొంతిచ్చే మనిషి రాలేదు. డైరెక్టరుగారు చుట్టూ చూసి, "నర్సూ, ఎవరికీ అర్థం కాని భాష నీకు పుట్టుకతోనే వచ్చు గదా, నువ్వే చెప్పు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకు అలవాటైపోయింది.

మైకు ముందు నిలబెట్టారు. తెర మీద మల్లన్న నోరు కదులుతోంది. ఆయన గొర్రెలను పిలుస్తున్నాడని నాకు తెలుసు. 'హుంబా జుంబా' అన్నాను. అది అందరూ వాడేసిందే, కొత్తగా ఉండాలి, నిజం భాషలాగే వినిపించాలి అన్నారు. ఏమీ తోచలేదు. అక్కా, భయం వేసినప్పుడు మనిషికి మొట్టమొదట నేర్చుకున్నదే నోట వస్తుందేమో. బాపు ముందు నిలబడ్డట్లు చేతులు కట్టుకున్నాను. ఆసు, పడుగు అని దానంతట అదే వచ్చేసింది.

"అదీ! ఆటవిక భాష అంటే అదీ! ఎక్కడ పట్టావయ్యా?" అని డైరెక్టరుగారు లేచి చప్పట్లు కొట్టారు. ఎక్కడ పట్టానో చెప్పలేదు. మెచ్చుకున్నందుకు సంతోషపడ్డాను. అది నీ దగ్గర దాచను. ఇన్నేళ్లలో ఇక్కడ నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

ఇంకొకటి కూడా విను. విడుదలైన వారంలో ఇక్కడి హాలుకు పోయాను. నా వరుసలోనే ఆఫ్రికా నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రవాడు ఒకడు కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, వేరుశనక్కాయలు వలుచుకుంటూ. అడవి సీను వచ్చింది. నా గొంతు మొదలైంది. హాలులో కొందరు తెర మీదికి చూడడం మాని, ఇతని వైపు తిరిగి 'ఆసూ పడుగూ' అని అరవడం మొదలుపెట్టారు. అతను పొట్లం మడిచి జేబులో పెట్టుకుని లేచిపోయాడు. పోతూ వరసలో ఉన్న అందరికీ ఇంగ్లీషులో 'క్షమించండి' అని చెప్పి పోయాడు, కాళ్లు తగులుతాయని. నేను కాళ్లు పక్కకు జరిపి దారి ఇచ్చాను. అంతే చేశాను.

మల్లన్న అడిగినదానికి జవాబు ఉంటే రాయమన్నావు. ఇదే జవాబు.

బాపును ఆపు. ఆపలేకపోతే ఒక పని చేయవా? పేర్లు మొదట్లోనే పడతాయి. నా పేరు చూపించి, ఏదో నొప్పి అని చెప్పి, వెంటనే బయటికి తీసుకురావా? ఆయన పేరు చూసి సంతోషించాడని నీ చేతిరాతలో చదవాలని ఉంది.

నర్సు


చిట్యాల
1962 మే

నర్సుకు,

సెలవులు ఇవ్వగానే జడ్చర్ల మీదుగా బస్సులు మారి చిట్యాల వచ్చాను. నేను వచ్చేసరికే డేరా లేచింది, బండి మీద మైకు పెట్టి ఊరంతా తిప్పుతున్నారు. బాపు దండెం మీది ధోతి దించి కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ప్రింటు అరిగిందని చెప్పాను. "పాత చీరెకు అందం పోతదా బిడ్డా" అన్నాడు. కళ్లు కనపడవన్నాను. "నువ్వు సదివి చెప్పు" అన్నాడు. ఇక ఏం చేయను?

వాడకట్టంతా వచ్చింది. నీ పేరు పడింది. అక్షరాలు చిన్నవేం కావు. బాపు చదువుకోలేదు గదా, నేను వేలు పెట్టి చూపిస్తే లేచి నిలబడ్డాడు. వెనకవాళ్లు కూర్చోమని అరవలేదు. చప్పట్లు కొట్టారు. ఆ ముఖం నువ్వు చూడాల్సింది, నర్సూ. ఆ సంతోషం నిజం. అది రాయమన్నావు గనుక ముందు అదే రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్లే కడుపు నొప్పి అన్నాను, పోదాం అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "పేరు జూసి పోతమా? వాడు నేసింది సూడొద్దా?"

నేసింది చూశాడు.

మొదటి మాటకే డేరాలో మనవాళ్ల సద్దు ఆగిపోయింది. మిగతా ఊరు నవ్వుతోంది, ఈలలు వేస్తోంది. మనవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరో వెనక నుంచి, "గిది మన వరుస గాదుర?" అన్నారు. నేను బాపు వైపు చూడలేకపోయాను. తరువాత చూశాను. ఆయన పెదవులు కదులుతున్నాయి. నీతో పాటు తానూ చెబుతున్నాడు, చిన్నప్పుడు నువ్వు తడబడితే అందించడానికి చెప్పినట్లు. పేక దగ్గర కత్తి లేచింది, నువ్వు ఆగిపోయావు. బాపు మాత్రం మెల్లగా "బట్ట" అన్నాడు.

బొమ్మ అయిపోయేదాకా కూర్చున్నాడు. బయటికి వచ్చాక మనవాళ్లు ఎవరి దారిన వాళ్లు పోయారు. ఇదివరకు బాపును మాటలన్న దశరథం కూడా తల దించుకుని పోయాడు. అతను ఏదైనా అన్నా బాగుండేది అనిపించింది.

దారిలో బాపు అన్నాడు: "మర్చిపోలే, ఆండాళూ. వరుస తప్పలే. చివరిదొక్కటి మరిచిండు."

ఇంటి దాకా వచ్చి, గడప ముందు ఆగి అడిగాడు: "మనుషుల తినేటోనికి మన మాటెందుకు పెట్టిండు బిడ్డా? ఇంకే మాట దొరకలేదా వానికి?"

డబ్బింగ్ సంగతి, భోజనాల దగ్గర నవ్వుల సంగతి, అన్నీ చెప్పాను. నువ్వు చెప్పొద్దన్నవన్నీ చెప్పాను. తిట్టలేదు. "గంత దూరం పోయి గా నవ్వులు పడుతుండా" అన్నాడు. ధోతి విప్పి మడత పెట్టి, పెట్టె అడుగున పెట్టాడు.

ఇప్పుడు చిన్నాయన పిల్లలు కట్టెలు పట్టుకుని వాకిట్లో ఆసూ పడుగూ అని గంతులేస్తున్నారు. మక్తల్‌లో కూడా ఇంతే, మల్లన్న ఎదురైతే చాలు అందరూ ఎగురుతున్నారు. ఆయన మందను వేరే దారిన తోలుకుపోతున్నాడని మీ బావ రాశారు. ఇక్కడ బాపు పిల్లలను కసురుకోలేదు. కానీ పొద్దున వాళ్లు మగ్గం దగ్గరికి వచ్చి అలవాటుగా చేతులు కట్టుకుంటే, "వరుస చెప్పుడు అక్కర లేదు, ఊకె దిగుండ్రి" అన్నాడు. వాళ్లు ఊరికే దిగారు.

నాకు ఇంకేమీ రాయాలని లేదు.

అక్క


మద్రాసు
1962 జూన్

అక్కా,

నీ ఉత్తరం జేబులోనే ఉంది.

కంపెనీ ఇంకో పిక్చర్ తీస్తోంది. ఈసారి సముద్రంలో దీవి. అక్కడ కూడా వాళ్లే, బల్లేలు, పుర్రెలు. జనానికి ఆ భాష నచ్చిందట, అదే కావాలట. జీతం పెంచుతామన్నారు, నా పేరు ఒక్కదాన్నే వేస్తామన్నారు. మైకు ముందు నిలబెట్టారు. డైరెక్టరుగారు "ఊఁ, కానీ" అన్నారు. నేను చేతులు కట్టుకోలేదు. ఆ భాష మర్చిపోయానని చెప్పాను.

నవ్వారు. ఎంత అడిగినా అదే చెప్పాను. పెద్ద ధైర్యమేమీ కాదక్కా. అది మా ఇంటి మాట, ఇవ్వను అని అనాల్సింది. అనలేకపోయాను. ఆ పనికి వేరే మనిషిని పెట్టుకున్నారు. అతను 'హుంబా జుంబా' అంటున్నాడు, అందరికీ బాగానే ఉంది. నన్ను మళ్లీ తిరగరాసే పనిలో కూర్చోబెట్టారు. పేరు ఇక పడదు. బాపును డేరా దగ్గరికి పోయి అడగొద్దని చెప్పు.

మల్లన్నకు నిజం చెప్పు, ఆయన నోట మాట్లాడింది నేనేనని. వచ్చినప్పుడు నేనూ చెబుతాను.

బాపుకు ఇంకొక్కటి చెప్పు. చివరి మాట నేను మర్చిపోలేదు. ఆ డబ్బింగ్ నాడు నోటి దాకా వచ్చింది. ఎదురుగా తెర మీద మల్లన్న ఉన్నాడు, ఒంటి మీద గొంగడి లేదు. ఆయనను అట్లా చూస్తూ 'బట్ట' అనడానికి నాకు నోరు రాలేదు.

నర్సు